పాత స్పోర్ట్స్ కారు బానెట్ కింద ఊడిన కప్లర్: గుర్తించడం, పరీక్షించడం, మళ్లీ ఊడకుండా బిగించడం

బానెట్ ఎత్తగానే దేనికీ తగిలించకుండా వేలాడుతున్న కప్లర్ (వైర్ల చివర ఉండే ప్లాస్టిక్ కనెక్టర్) ఒకటి కంటబడితే, దగ్గరలో ఉన్న సాకెట్‌లోకి దాన్ని నొక్కి ఇంజిన్ స్టార్ట్ చేసి చూడాలని ఎవరికైనా అనిపిస్తుంది. ఇరవై ఏళ్లు దాటిన స్పోర్ట్స్ కారు విషయంలో ఆ తొందర పనికిరాదు. ఆ కప్లర్ మీ కారులో అసలు లేని ఏదో అదనపు పరికరం కోసం కంపెనీ వదిలినది కావచ్చు. ఒకే ఆకారంలో ఉండే రెండు కప్లర్లు పక్కపక్కనే ఉండి తారుమారు కావచ్చు. అన్నిటికీ మించి, లాక్ సరిగ్గా పడిన కప్లర్ దానంతట అది ఊడదు. ఏదో దాన్ని లాగి ఉండాలి, లేదా లాక్ విరిగి ఉండాలి, లేదా వేరే పని మీద విప్పినవారు తిరిగి పెట్టడం మరిచి ఉండాలి. ఆ కారణం తేలకుండా కప్లర్‌ను మాత్రమే తగిలిస్తే, కొన్నాళ్లకు అదే కారు అదే లోపంతో మళ్లీ రోడ్డు పక్కన ఆగుతుంది. అందుకే ఈ మార్గదర్శిలో తగిలించే పని కన్నా ముందూ వెనకా చేయవలసిన పనులకే ఎక్కువ చోటు ఇచ్చాను.

విజయవాడ, గుంటూరు ప్రాంతంలో తిరిగే పాత కార్లకు ఈ ఇబ్బంది ఎక్కువగా రావడానికి కారణాలున్నాయి. ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడ పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం మామూలే. అలాంటి రోజున రద్దీలో నిలిచిపోయిన కారు బానెట్ కింద వేడి అందుకు రెట్టింపు దాకా పోతుంది. ఏళ్ల తరబడి ఆ వేడి తిన్న ప్లాస్టిక్ పెళుసుబారి, వేలితో నొక్కగానే లాక్ నాలుక పుటుక్కున విరుగుతుంది. అపార్ట్‌మెంట్ సెల్లార్లలో వారాల తరబడి కదలకుండా ఉండే కార్లలో ఎలుకలు చేరి వైర్లు కొరుకుతాయి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ పరిసరాలు నీట మునిగినప్పుడు ఎన్నో కార్లు ఆ నీళ్లలో నానాయి. అటువంటి కారు పైకి శుభ్రంగా కనిపించినా, కప్లర్ల లోపల పచ్చటి చిలుము పట్టడం నెలల తరువాత బయటపడుతుంది. మీరు ఈ మధ్య కొన్న పాత కారు చరిత్ర మీకు పూర్తిగా తెలియకపోతే, ఆ అవకాశాన్ని కూడా మనసులో పెట్టుకుని పని మొదలుపెట్టండి.

కారును బట్టి కొంత తేడా ఉంటుంది. మన దేశంలోనే తయారైన సాన్ స్టార్మ్ వంటి రెండు సీట్ల కారులో 1.2 లీటర్ల రెనో పెట్రోలు ఇంజిన్ ముందు భాగంలోనే ఉంటుంది కాబట్టి చాలా కప్లర్లు చేతికి అందుతాయి. పోర్షే బాక్‌స్టర్‌లో ఇంజిన్ సీట్ల వెనుక ఉంటుంది. అక్కడ సగం పని కారును లిఫ్ట్ మీద ఎత్తి కింది నుంచి చేయవలసిందే, జాకీ ఒక్కదాన్నే నమ్ముకుని కారు కిందికి దూరడం ప్రాణాంతకం. ఇకపై చెప్పే క్రమం మాత్రం ఏ పెట్రోలు కారుకైనా వర్తిస్తుంది.

కావలసిన సామాను

ఒక డిజిటల్ మల్టీమీటర్, మంచి టార్చి, చిన్న అద్దం, సన్నని గుండుసూదులు, కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే, మెత్తటి బ్రష్షు ఉంటే గుర్తింపు, పరీక్ష రెండూ జరుగుతాయి. మరమ్మతుకు పిన్నులు నొక్కే క్రింపింగ్ ప్లేయర్, లోపల జిగురు పూత ఉండే హీట్ ష్రింక్ స్లీవులు, హార్నెస్‌కు, అంటే కారులోని వైర్ల గుత్తికి చుట్టే గుడ్డ టేపు, ముడతల ప్లాస్టిక్ గొట్టం కావాలి. సెన్సర్ వైరు మార్చవలసి వస్తే 0.5 లేదా 0.75 చదరపు మిల్లీమీటర్ల ఆటోమొబైల్ వైరే కొనండి. ఇంటి వైరింగ్‌కు వాడే వైరు తొడుగు ఇంజిన్ వేడికీ నూనెకూ తట్టుకోదు.

ఇవన్నీ విజయవాడ జవహర్ ఆటోనగర్‌లో గానీ గుంటూరు ఆటోనగర్‌లో గానీ వైరింగ్ సామాను అమ్మే దుకాణాల్లో దొరుకుతాయి. కప్లర్‌ను పేరు చెప్పి అడిగితే లాభం లేదు. పాతది చేతిలో పట్టుకుని వెళ్లి, పిన్నుల సంఖ్య, గాడి ఆకారం, లాక్ ఉన్న వైపు మూడూ సరిచూసుకుని తీసుకోవాలి. కొత్తది దొరకని మోడల్ అయితే పాత ఇనుము దుకాణాల్లో విడదీసిన కార్ల నుంచి తీసిన కప్లర్ మంచి మార్గం. అప్పుడు కప్లర్‌ను మొదలంటా కోయనివ్వకండి. వెనుక కనీసం జానెడు వైరు ఉంచి కోసి ఇమ్మనండి. ఆ జానెడే తరువాత మీరు జాయింటు వేసుకోవడానికి ఆధారం.

ముందు జాగ్రత్తలు

ఇంజిన్ పూర్తిగా చల్లారాకే చేయి పెట్టండి. తాళం తీసేయండి. ఇగ్నిషన్ ఆన్‌లో ఉండగా ఏ కప్లర్‌నూ పెట్టడం, తీయడం చేయకూడదు. కాయిల్ ఉన్న భాగాల్లో కరెంటు ఒక్కసారిగా తెగితే పుట్టే అధిక వోల్టేజి ఇంజిన్ కంప్యూటర్‌ను దెబ్బతీయగలదు, పాత మోడళ్లకు ఆ కంప్యూటర్ మళ్లీ దొరకడం గగనం.

వైరును కోయడం, జాయింటు వేయడం వంటి పనులకు ముందు బ్యాటరీ నెగటివ్ టెర్మినల్‌ను విప్పాలి, తిరిగి బిగించేటప్పుడు దాన్ని చివర బిగించాలి. పాజిటివ్ నట్టు మీద ఉన్న స్పానర్ పొరపాటున బాడీకి తగిలినా, నెగటివ్ ముందే తీసి ఉంటే షార్ట్ కాదు. టేపురికార్డర్ లేదా స్టీరియోకు కోడ్ ఉన్న కారైతే ఆ కోడ్ చేతిలో ఉందో లేదో ముందే చూసుకోండి. పసుపు రంగు కప్లర్లు, పసుపు తొడుగు ఉన్న వైర్లు సాధారణంగా ఎయిర్‌బ్యాగువి. వాటి మీద మల్టీమీటర్ గానీ టెస్ట్ ల్యాంప్ గానీ పెట్టకండి, ఆ పని శిక్షణ పొందినవారికి వదిలేయండి. ఇంజిన్ నడుస్తున్నప్పుడు ప్లగ్ వైర్లలో పదుల వేల వోల్టులు ఉంటాయి కాబట్టి వాటికి దూరంగా ఉండాలి.

ఆ కప్లర్ ఎక్కడిదో తేల్చడం

ఏదీ ముట్టుకోకముందే నాలుగు వైపుల నుంచి ఫోటోలు తీయండి. వేలాడుతున్న కప్లర్, దాని వైరు ఏ గుత్తి నుంచి విడివడి వచ్చిందో ఆ చోటు, చుట్టుపక్కల ఖాళీగా ఉన్న సాకెట్లు అన్నీ ఫోటోల్లోకి రావాలి.

తరువాత వైరు వంపును గమనించండి. ఏళ్ల తరబడి ఒకే చోట ఒకే వంపుతో ఉన్న వైరు గట్టిపడి, విప్పినా ఆ వంపును వదలదు. చేతితో బలవంతపెట్టకుండా వదిలేస్తే అది తన పాత చోటు వైపే తిరుగుతుంది. వైరు పొడవు కూడా చాలా చెబుతుంది. కంపెనీ హార్నెస్‌లో ఒక్కో కొమ్మను అవసరమైనంత పొడవే ఉంచుతారు. కాబట్టి లాగకుండా, బిగుసుకోకుండా అందే దూరంలో ఉన్న భాగాలనే లెక్కలోకి తీసుకోండి. బాగా సాగదీస్తే తప్ప అందని సాకెట్ దానిది కాదని దాదాపు ఖాయం.

ఆ దూరంలో అద్దం, టార్చి సాయంతో ఖాళీ సాకెట్ కోసం వెతకండి. ఇంజిన్ వెనుక వైపు, గేర్‌బాక్సు కలిసే చోట, ఇన్‌టేక్ మానిఫోల్డ్ అడుగున, ఆయిల్ ఫిల్టర్ పక్కన ఉన్నవి పైనుంచి కనబడవు. దొరికిన సాకెట్ లోపలి పిన్నులు మెరుస్తూ ఉంటే కప్లర్ ఈ మధ్యే ఊడిందని, దుమ్ము, నూనె పేరుకుని ఉంటే ఎప్పుడో ఊడిందని అర్థం. ఎప్పుడో ఊడినదైతే, ఇప్పుడు కారు పెడుతున్న ఇబ్బందికి కారణం వేరే ఉండవచ్చు. దీన్ని గుర్తుంచుకోకపోతే కప్లర్ దొరికిందన్న సంతోషంలో అసలు లోపం అలాగే మిగిలిపోతుంది.

వెతికినా జత కనబడకపోతే అది కంపెనీయే ఖాళీగా వదిలిన కప్లర్ కావచ్చు. ఏసీ, ఫాగ్ ల్యాంపులు, ఆటోమేటిక్ గేర్‌బాక్సు వంటివి కొన్ని కార్లలోనే ఉంటాయి, కానీ హార్నెస్ మాత్రం అన్నిటికీ ఒకటే తయారు చేస్తారు. లోపాల కోడ్లు చదవడానికి పెట్టిన కప్లర్లు కూడా పాత జపాన్ కార్లలో బానెట్ కిందే ఉంటాయి. వాటికి సాధారణంగా మూత ఉంటుంది, లేదా హార్నెస్‌కు టేపుతో కట్టి ఉంటాయి. అటువంటి దానిని ఎక్కడో ఒక చోట తగిలించాలని చూడకండి.

వైరు రంగులు తరువాతి ఆధారం. జర్మన్ కార్లలో గోధుమ రంగు ఎర్త్, ఎరుపు బ్యాటరీ నుంచి నేరుగా వచ్చే కరెంటు, నలుపు తాళం తిప్పితే వచ్చే కరెంటు. ఆ కార్ల వైరింగ్ చిత్రాల్లోనూ రిలేల మీదా కనిపించే 30 అంటే నిరంతర పాజిటివ్, 15 అంటే ఇగ్నిషన్ పాజిటివ్, 31 అంటే ఎర్త్, 50 అంటే సెల్ఫ్ మోటారుకు వెళ్లే కరెంటు. జపాన్ కార్లలో ఎర్త్‌కు ఎక్కువగా నలుపు వాడతారు. అంటే జర్మన్ కారుకు అలవాటు పడిన చేయి జపాన్ కారులోని నలుపును పాజిటివ్ అనుకునే ప్రమాదం ఉంది, అందుకే రంగును మీటరుతో రుజువు చేసుకున్నాకే నమ్మాలి. మీ మోడల్‌కు, మీ తయారీ సంవత్సరానికి సంబంధించిన వర్క్‌షాప్ మాన్యువల్ సంపాదించగలిగితే ఈ పని మొత్తం తేలికవుతుంది. సంవత్సరం మారితే పిన్నుల వరుస మారే కార్లున్నాయి కాబట్టి దగ్గరి మోడల్ చిత్రంతో సరిపెట్టుకోకండి.

లక్షణాలతో సరిచూడటం

కప్లర్ ఫలానా భాగానిదని అనుకున్నాక, కారు చూపిస్తున్న లక్షణాలు ఆ భాగానికి సరిపోతున్నాయో లేదో చూడాలి.

క్రాంక్ సెన్సర్ (ఇంజిన్ తిరుగుడును కంప్యూటర్‌కు తెలిపేది) ఊడితే సెల్ఫ్ తిరుగుతుంది కానీ ఇంజిన్ అందుకోదు, చాలా కార్లలో స్పార్కూ పెట్రోలూ రెండూ ఆగిపోతాయి. కూలెంట్ ఉష్ణోగ్రత సెన్సర్ ఊడితే తీగ తెగినట్టే కాబట్టి కంప్యూటర్‌కు ఇంజిన్ గడ్డకట్టే చలిలో ఉన్నట్టు కనిపిస్తుంది. అప్పుడు పెట్రోలు ఎక్కువగా పోసి నల్లటి పొగ, వేడెక్కాక స్టార్టింగ్ ఇబ్బంది తెస్తుంది. లోపాన్ని గుర్తించగల కంప్యూటరైతే ఒక స్థిరమైన విలువ తీసుకుని, ముందు జాగ్రత్తగా రేడియేటర్ ఫ్యాన్‌ను ఆపకుండా తిప్పుతుంది. ఎయిర్ ఫ్లో మీటరు ఊడితే ఇంజిన్ స్టార్ట్ అయి ఆగిపోతుంది, లేదా యాక్సిలరేటర్ తొక్కినా లేవదు. యాక్సిలరేటర్ తొక్కనప్పుడు ఇంజిన్‌ను నిలబెట్టే ఐడిల్ వాల్వు ఊడితే సిగ్నల్ దగ్గర ఇంజిన్ ఆరిపోతుంది, ఏసీ వేస్తే మరీను. ఇంజెక్టరు ఒకటి ఊడితే ఒక సిలిండర్ పనిచేయక ఇంజిన్ కొట్టుకుంటుంది. ఆక్సిజన్ సెన్సర్ ఊడినప్పుడు నడకలో తేడా పెద్దగా తెలియదు, పెట్రోలు ఖర్చు పెరుగుతుంది.

రెండు భాగాల విషయంలో మాత్రం ఆలస్యం చేయవద్దు. మొదటిది ఆయిల్ ప్రెషర్ స్విచ్. చాలా పాత కార్లలో దీనికి ఒక్క వైరే ఉంటుంది. అది ఊడితే డాష్‌బోర్డులో ఎర్ర దీపం వెలగదు సరికదా, అంతా సవ్యంగా ఉన్నట్టు కనబడుతుంది. ఆయిల్ నిజంగా తగ్గిన రోజున కూడా ఆ దీపం వెలగదు కాబట్టి ఇంజిన్ పట్టేసేదాకా మీకు తెలియదు. తాళం ఆన్ చేసి ఇంజిన్ స్టార్ట్ చేయకముందు ఆ దీపం వెలగాలి, వెలగకపోతే కారు తీయకండి. రెండోది రేడియేటర్ ఫ్యాన్‌ను నడిపే థర్మో స్విచ్. హైవే మీద గాలి తగులుతుంది కాబట్టి లోపం బయటపడదు. విజయవాడ బెంజ్ సర్కిల్ కింద మధ్యాహ్నపు రద్దీలో చిక్కుకున్నప్పుడు సూది ఎర్ర గీత వైపు పాకుతుంది.

ఆల్టర్నేటర్ వెనుక ఉండే సన్నని వైరు కూడా ఇలాంటిదే. అది ఊడితే చాలా కార్లలో చార్జింగ్ ఆగిపోతుంది, బ్యాటరీ దీపం తాళం ఆన్‌లో కూడా వెలగదు. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ కొనల మధ్య సుమారు 13.8 నుంచి 14.5 వోల్టులు కనిపించాలి. 12.6 కంటే తక్కువగా ఉండి ఇంకా పడిపోతుంటే చార్జింగ్ లేదన్నమాట.

అమెరికా మార్కెట్‌కు చేసిన 1996 తరువాతి కార్లకు, ఐరోపా మార్కెట్‌కు చేసిన 2001 తరువాతి పెట్రోలు కార్లకు డాష్‌బోర్డు కింద 16 పిన్నుల స్కానర్ సాకెట్ ఉంటుంది. ఉంటే కోడ్లు చదివి రాసుకోండి. అంతకు ముందువాటిలో కొన్నిటికి చెక్ ఇంజిన్ దీపం మిణుకులను లెక్కపెట్టి కోడ్ తెలుసుకునే పద్ధతి ఉంది, ఆ విధానం మాన్యువల్‌లో దొరుకుతుంది.

కప్లర్‌ను దగ్గరగా చూడటం

ఇప్పుడు కప్లర్‌ను వెలుతురులో పట్టుకుని లోపలికి చూడండి. ఆడ పిన్నులన్నీ ఒకే లోతులో ఉండాలి. ఒకటి వెనక్కి జరిగి ఉంటే, కప్లర్ తగిలించినప్పుడు ఎదుటి పిన్ను దాన్ని ఇంకా వెనక్కి నెడుతుంది, లాక్ శబ్దం వినిపించినా కరెంటు అందదు. ఒక్కో వైరును వెనుక నుంచి మెల్లగా లాగి చూస్తే వదులుగా ఉన్న పిన్ను తెలిసిపోతుంది. పిన్నుల మీద పచ్చటి లేదా తెల్లటి పొడి ఉంటే నీరు చేరిందని, గోధుమ రంగు మరక ఉండి ప్లాస్టిక్ కరిగినట్టు ఉంటే వదులు పిన్ను వేడెక్కిందని గ్రహించాలి. వైరు చుట్టూ ఉండే చిన్న రబ్బరు సీలు చిట్లినా, లేకపోయినా అది మార్చవలసిందే.

ఆ కాలపు ఐరోపా కార్ల ఇంజెక్టర్లకు, చాలా సెన్సర్లకు ఉండే బాష్ రకం కప్లర్‌కు లాక్‌గా ఒక సన్నని ఉక్కు తీగ ఉంటుంది. దీన్ని తెలియక లాగేవారి వల్లే ఎక్కువ కప్లర్లు పగులుతాయి. పాత రకంలో ఆ తీగను సన్నని స్క్రూడ్రైవర్‌తో పక్కకు జరిపి పూర్తిగా బయటికి తీశాక కప్లర్ నేరుగా పైకి వస్తుంది. ఆ తీగ ఎగిరి ఇంజిన్ సందుల్లో పడకుండా కింద ఒక గుడ్డ పరవండి. తరువాతి రకంలో తీగను తీయనక్కరలేదు, మధ్యలో వేలితో నొక్కి పట్టుకుని లాగితే చాలు. తిరిగి పెట్టేటప్పుడు తీగ రెండు కొనలూ సాకెట్ గాడిలో కూర్చున్నాయో లేదో అద్దంతో చూడండి. తీగ లేకుండా తగిలించిన కప్లర్ అప్పటికి పనిచేసినా ఇంజిన్ అదురుకు కొద్దికొద్దిగా పైకి లేస్తుంది.

మురికి ఉంటే కాంటాక్ట్ క్లీనర్ చల్లి మెత్తటి బ్రష్షుతో తుడిచి, పూర్తిగా ఆరనివ్వండి. పెట్రోలుతో కడగడం, ఉప్పు కాగితంతో రుద్దడం రెండూ తగవు. పిన్నుల మీద ఉండే పలుచని పూత పోతే కింది లోహం ఇంకా త్వరగా చిలుము పడుతుంది. అదే కొలత గల విడి మగ పిన్నును ఒక్కో ఆడ పిన్నులోకి దూర్చి లాగి చూడండి. కొంచెం పట్టు తెలియాలి. జారుడుగా వచ్చేస్తే ఆ పిన్ను మార్చాలి. ప్లేయర్ ముక్కుతో నొక్కి బిగించడం తాత్కాలికమే, వేడికి అది మళ్లీ విచ్చుకుంటుంది.

మీటరుతో పరీక్ష

ఇక్కడ టెస్ట్ ల్యాంపు వాడకండి. బల్బు లాగే కరెంటు 5 వోల్టుల సెన్సర్ సర్క్యూట్లకు ఎక్కువ. డిజిటల్ మల్టీమీటర్ దాదాపు ఏమీ లాగదు కాబట్టి అదే క్షేమం. ప్రోబు ముల్లును ఆడ పిన్ను నోట్లో గుచ్చితే నోరు పెద్దదవుతుంది. కప్లర్ వెనుక నుంచి, వైరు పక్కగా గుండుసూది దూర్చి దాని మీద ప్రోబు ఆనించండి.

ముందు తాళం ఆపి, భాగం వైపు నిరోధం కొలవండి. రెండు పిన్నుల ఉష్ణోగ్రత సెన్సర్లలో బాగా వ్యాప్తిలో ఉన్న బాష్ రకం 20 డిగ్రీల దగ్గర సుమారు 2.5 కిలో ఓములు, 80 డిగ్రీల దగ్గర సుమారు 300 ఓములు చూపుతుంది. రాత్రంతా నీడలో ఆగి ఉన్న ఇంజిన్‌లో కూలెంట్ కూడా గాలి ఉష్ణోగ్రతలోనే ఉంటుంది కాబట్టి, ఇక్కడి వేసవి ఉదయాన 30 డిగ్రీల దగ్గర అది సుమారు 1.7 కిలో ఓములు చూపితే సెన్సర్ బాగున్నట్టే. అనంతం చూపితే లోపల తెగింది. అధిక నిరోధపు ఇంజెక్టర్లు 12 నుంచి 16 ఓముల మధ్య ఉంటాయి. అన్ని ఇంజెక్టర్లనూ కొలిచి పోల్చుకోవడం ఒక్కదాని అంకె చూడటం కన్నా మేలు.

తరువాత కప్లర్ విడిగానే ఉంచి తాళం ఆన్ చేసి, హార్నెస్ వైపు వోల్టేజి చూడండి. రెండు వైర్ల ఉష్ణోగ్రత సెన్సర్ కప్లర్‌లో రెండు పిన్నుల మధ్య సుమారు 5 వోల్టులు రావాలి. మూడు వైర్ల థ్రాటిల్ సెన్సర్‌కు ఒకటి 5 వోల్టులు, ఒకటి ఎర్త్, మూడోది సిగ్నల్. ఇంజెక్టర్ కప్లర్‌లో ఒక పిన్నుకే 12 వోల్టులు వస్తాయి. రెండో పిన్నును కంప్యూటర్ తన అవసరం మేరకు ఎర్త్ చేస్తుంది, దాన్ని మీరు వైరుతో ఎర్త్ చేయకూడదు, పాజిటివ్‌కు అసలే తగిలించకూడదు. కొన్ని కార్లలో ఈ 12 వోల్టులు ఇంజిన్ తిరుగుతున్నప్పుడే వస్తాయి కాబట్టి, రాకపోతే సెల్ఫ్ కొట్టించి మళ్లీ చూడండి. రానే రాకపోతే ఫ్యూజు, రిలే చూసి, ఆపైన వైరు తెగిన చోటు వెతకాలి.

ఎర్త్ పరీక్షను మాత్రం ఓముల్లో చేయవద్దు. పది పోగుల్లో ఒక్క పోగు మిగిలిన తీగ కూడా ఓమ్ మీటరుకు బాగున్నట్టే కనబడుతుంది. 10 ఆంపియర్లు పారే చోట 0.1 ఓమ్ అదనంగా చేరితే 1 వోల్టు అక్కడే ఆవిరైపోతుంది. అందుకే కరెంటు పారుతుండగా వోల్టేజి నష్టం కొలవాలి. మీటరు నలుపు ప్రోబు బ్యాటరీ నెగటివ్ కొన మీద, ఎరుపు ప్రోబు ఇంజిన్ బ్లాకు మీద పెట్టి ఒకరిచేత సెల్ఫ్ కొట్టించండి. 0.2 వోల్టుల కన్నా ఎక్కువ వస్తే ఎర్త్ పట్టీ విప్పి, తుప్పు గీకి, కొత్త లగ్గు వేయాలి. ఫైబర్‌గ్లాస్ బాడీ ఉన్న సాన్ స్టార్మ్ వంటి కార్లలో ఇది మరీ ముఖ్యం. ఇనుప బాడీలా ఫైబర్ కరెంటును మోయదు, ప్రతి దీపానికీ ప్రతి మోటారుకూ విడిగా ఎర్త్ వైరు ఉండాలి. అటువంటి కారులో వేలాడుతున్నది ఒక్క నల్ల వైరే అయినా నిర్లక్ష్యం చేయకండి.

ఎందుకు ఊడిందో తేల్చడం

కప్లర్ ఏదో, దాని సర్క్యూట్ ఎలా ఉందో తేలింది కాబట్టి ఇప్పుడు కారణం వెతకాలి. లాక్ విరిగిందా, హార్నెస్‌ను పట్టి ఉంచే క్లిప్పు ఊడి మొత్తం బరువు కప్లర్ మీద పడిందా, బ్యాటరీ మార్చినప్పుడు వైరును కొత్త దారిలో నెట్టారా, ఎలుక కొరికిందా అని వరుసగా చూడండి. ఆటోనగర్‌లో నేను దగ్గరుండి చూసిన ఒక కారులో క్రాంక్ సెన్సర్ కప్లర్‌ను అప్పటికే ఒకటికి రెండుసార్లు తగిలించి పంపారు. అది లాక్ లోపం అనుకుని టేపు కూడా చుట్టారు. ఇంజిన్ నడుస్తుండగా హ్యాండ్‌బ్రేకు వేసి, క్లచ్ కొద్దిగా వదిలి చూస్తే ఇంజిన్ ఒక పక్కకు అంగుళానికి పైగా లేచింది. ఇంజిన్ మౌంటింగ్ రబ్బరు చిరిగిపోయింది. గేరు వేసిన ప్రతిసారీ ఇంజిన్ ఒరిగి ఆ వైరును లాగుతోంది. మౌంటింగ్ మార్చి, వైరుకు రెండంగుళాల వదులు ఇచ్చి కట్టాక ఆ బాధ తీరింది. అందువల్ల ఇంజిన్ నుంచి బాడీకి వెళ్లే ఏ వైరు తెగినా, ఊడినా మౌంటింగులు చూడకుండా పని ముగించకండి. ఆ పరీక్ష చేసేటప్పుడు కారు ముందు ఎవరూ నిలబడకూడదు.

మరమ్మతు

లాక్ మాత్రమే విరిగి పిన్నులు బాగుంటే, కప్లర్ పెట్టె ఒక్కటే మార్చి పాత పిన్నులనే అందులోకి మార్చుకోవచ్చు. పిన్ను పక్కనున్న సన్నని నాలుకను చిన్న ఉక్కు పుల్లతో నొక్కి వెనక్కి లాగితే వస్తుంది. ఒక్కొక్కటిగా తీసి, తీసినదాన్ని వెంటనే కొత్త పెట్టెలో అదే గదిలో పెట్టండి. అన్నీ తీసేసి తరువాత పెడదామనుకుంటే వరుస తప్పుతుంది.

వైరు మార్చవలసి వస్తే ముందు పాత వైరు తొడుగును అంగుళం మేర ఒలిచి చూడండి. రాగి ఎర్రగా మెరవాలి. నల్లగా గానీ పచ్చగా గానీ ఉంటే తేమ తొడుగు లోపల ప్రాకినట్టు. మెరిసే రాగి కనిపించే దాకా ఇంకా వెనక్కి కోసుకుంటూ వెళ్లాలి. వరదలో నానిన కార్లలో ఇది జానెడు దాకా పోతుంది.

జాయింటుకు నా సలహా క్రింపింగే. టంకం వేస్తే సీసం పోగుల మధ్యకు ప్రాకి ఆ చోటు వైరు కడ్డీలా బిగుసుకుంటుంది, ఇంజిన్ అదురుకు సరిగ్గా ఆ అంచునే విరుగుతుంది. బానెట్ కింద, కదిలే చోట టంకం తప్పనిసరి అయితే జాయింటుకు రెండు వైపులా వైరు కదలకుండా హార్నెస్‌కు కట్టాలి. క్రింపింగ్‌కు వైరు మందానికి సరిపడే స్లీవు, సరైన దవడ ఉన్న ప్లేయర్ వాడి, నొక్కాక గట్టిగా లాగి చూడండి. జిగురు పూత ఉన్న హీట్ ష్రింక్‌ను ముందే వైరుకు ఎక్కించుకోవాలి. వేడి గాలికి అది ముడుచుకుని రెండు కొనల్లోనూ జిగురు కొంచెం బయటికి ఉబికితే తడి చొరదు. రెండు మూడు వైర్లు పక్కపక్కనే ఉంటే జాయింట్లను ఒకే వరుసలో రానివ్వకుండా ఎగుడుదిగుడుగా వేయండి.

క్రాంక్ సెన్సర్, ఆక్సిజన్ సెన్సర్ వైర్లలో కొన్నిటికి చుట్టూ అల్లిన రక్షణ తీగ ఉంటుంది. దాన్ని కోసి వదిలేస్తే ప్లగ్ వైర్ల నుంచి వచ్చే అలజడి సిగ్నల్‌లో కలుస్తుంది. జాయింటు దగ్గర ఆ అల్లికను కూడా కలపాలి, కానీ కొత్తగా మరో చోట ఎర్త్ చేయకూడదు.

మెలితిప్పి మామూలు ప్లాస్టిక్ టేపు చుట్టడం ఇక్కడ చాలాచోట్ల కనిపించే పద్ధతి. మన ఎండలకు ఆ టేపు జిగురు కరిగి కారుతుంది, టేపు విడిపోతుంది, లోపలి జాయింటు తడికీ దుమ్ముకూ తెరుచుకుంటుంది. గుడ్డ హార్నెస్ టేపు, దాని మీద ముడతల గొట్టం వేస్తే కంపెనీ పనికి సమానంగా ఉంటుంది. వైరును ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌కు, ఫ్యాన్ రెక్కలకు, యాక్సిలరేటర్ కేబులుకు దూరంగా నడిపించి, పాత క్లిప్పు ఉన్న చోటే కొత్త క్లిప్పుతో కట్టండి. కప్లర్ దగ్గర వైరుకు చిన్న వదులు వంపు ఉండాలి, ఆ వంపు కిందికి వేలాడితే వాన నీరు కప్లర్‌లోకి పారకుండా అక్కడే జారిపోతుంది.

చివరగా సీలు అంచుకు కొద్దిగా డైఎలక్ట్రిక్ గ్రీజు (కరెంటు పారనివ్వని గ్రీజు) రాసి, కప్లర్‌ను నేరుగా నొక్కండి. టక్కుమనే శబ్దం రావాలి. తరువాత వైరును పట్టుకోకుండా కప్లర్ పెట్టెను పట్టుకుని వెనక్కి లాగి చూడండి. రెండో లాక్ ఉంటే దాన్నీ మూయండి.

నడిపి చూడటం

బ్యాటరీ బిగించి తాళం ఆన్ చేయగానే ఆయిల్, బ్యాటరీ, చెక్ ఇంజిన్ దీపాలు మూడూ వెలిగి, ఇంజిన్ అందుకున్నాక ఆరిపోవాలి. బ్యాటరీ విప్పిన తరువాత కొన్ని కార్లలో ఐడిల్ కాసేపు తడబడుతుంది, కంప్యూటర్ మళ్లీ నేర్చుకునేదాకా అది సహజం. ఇంజిన్ నడుస్తుండగా మరమ్మతు చేసిన హార్నెస్‌ను మెల్లగా అటూ ఇటూ కదపండి. నడకలో చిన్న మార్పు వచ్చినా పిన్ను ఇంకా సరిగ్గా కూర్చోలేదు. పాత కోడ్లు ఉంటే తుడిచేసి, రేడియేటర్ ఫ్యాన్ ఒకసారి తనంతట తాను తిరిగి ఆగేదాకా నిలిపి ఉంచండి.

తరువాత రోడ్డు మీదికి తీసుకెళ్లండి. విజయవాడలో ఉన్నవారికి నగర రద్దీలో కొంతసేపు, ఆపైన కనకదుర్గ వారధి దాటి మంగళగిరి వైపు హైవే మీద కొంత దూరం వెళితే వేడి, అదురు రెండు పరీక్షలూ అవుతాయి. గుంటూరు వారు ఇదే దారిలో ఎదురుగా రావచ్చు. తిరిగి వచ్చి, ఇంజిన్ వేడిగా ఉండగానే ఒకసారి ఆపి స్టార్ట్ చేయండి, ఎందుకంటే క్రాంక్ సెన్సర్ లోపాలు చాలావరకు వేడి మీదే బయటపడతాయి. చల్లారాక బానెట్ ఎత్తి జాయింటు దగ్గర మెత్తబడిన ప్లాస్టిక్ గానీ, జారిన క్లిప్పు గానీ ఉందేమో చూడండి. తొలి వాన తరువాత కప్లర్ విప్పి లోపల తడి చేరిందేమో మరోసారి చూసుకోండి.

పని చేసిన తేదీ, కప్లర్ ఏ భాగానిది, ఏ రంగు వైరును ఏ రంగు వైరుతో కలిపారు, మీరు కొలిచిన ఓములు, వోల్టులు ఒక కాగితం మీద రాసి, మొదట తీసిన ఫోటో ప్రింటుతో కలిపి గ్లవ్ బాక్సులో పెట్టండి. తరువాత ఆ కారు బానెట్ ఎత్తే మెకానిక్కుకు కంపెనీ చిత్రంలో లేని మీ జాయింటు ఎక్కడుందో దాన్నిబట్టి తెలుస్తుంది.